పాత వెండి రూపాయలు: బొమ్మను బట్టి విలువ

సరిహద్దు పల్లెల్లోని అనేక కుటుంబాలలో పెద్దలు దాచిన వెండి రూపాయలు నేటికీ కనిపిస్తాయి. అవసరానికి అమ్మేటప్పుడు అన్నిటినీ ఒకే రకంగా లెక్కగడితే నష్టం తప్పదు. నాణెంపై గల బొమ్మను, సంవత్సరాన్ని గుర్తించగలిగితే అందులోని వెండి ఎంతో ఇంటివద్దనే తెలుసుకోవచ్చు.

ఈస్టిండియా కంపెనీ 1835లో తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. తులమంటే రూపాయి ఎత్తు అనడానికి ఇదే మూలం. అందులో 12 పాళ్ళకు 11 పాళ్ళు వెండి. ఆ లెక్కన మేలిమి వెండి సుమారు 10.69 గ్రాములు.

బొమ్మల వరుస

నాలుగవ విలియం: 1835 నాటి రూపాయలపై ఉన్నది ఈ రాజే.

విక్టోరియా: 1840 నాటి నాణేలపై కిరీటం లేదు; 1862 నుండి కిరీటం కనబడుతుంది. ‘రాణి’ అన్న బిరుదు 1877 నుండి ‘చక్రవర్తిని’గా మారింది. 1862 అన్న అంకెనే ఆ తరువాత మరికొన్నేళ్ళు ముద్రించినందున ఆ సంవత్సరపు రూపాయలు అరుదైనవి కావు.

ఏడవ ఎడ్వర్డ్: 1903 నుండి 1910 వరకు. తలపై కిరీటం ఉండదు.

ఐదవ జార్జి: 1911 నుండి 1922 వరకు. 1911 నాణెంలో రాజు ధరించిన హారంపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తున్నదని ఆక్షేపణ రాగా, 1912లో బొమ్మను సరిదిద్దారు.

ఆరవ జార్జి: ఇక్కడే జాగ్రత్త అవసరం. 1938, 1939 రూపాయలలో పాత పాళ్ళలోనే వెండి ఉన్నది. 1940 నుండి 1945 వరకు వచ్చిన వాటిలో సగమే, అనగా 5.83 గ్రాములే. 1947 రూపాయిలో వెండి లేనే లేదు. అది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1939 రూపాయి మిక్కిలి అరుదు. అందుచేతనే దానికి నకిలీలూ ఎక్కువ.

బీదరు, రాయచూరు, మరాఠ్వాడా ప్రాంతాలలో నిజాం రూపాయలు కూడా దొరుకుతాయి. వాటిపై రాజు ముఖానికి బదులు చార్మినార్ ఉంటుంది. వాటిలో వెండి బ్రిటిష్ రూపాయికంటే తక్కువ.

అమ్మే ముందు

బొమ్మల వారీగా, సంవత్సరాల వారీగా నాణేలను వేరుచేయండి. ఆనాటి గ్రాము వెండి ధరను 10.69తో గానీ, 5.83తో గానీ గుణించండి. కంసాలి తరుగు తీసివేసినా ఈ లెక్క చేతిలో ఉంటే బేరం తేలిక. సేకరించేవారు అరుదైన సంవత్సరానికి, అరగని బొమ్మకు అంతకుమించి ఇస్తారు. చింతపండుతోనో బూడిదతోనో తోమినా, హారం కోసం కొక్కెం అతికించినా ఆ అదనపు విలువ పోతుంది. వెండి విలువ మాత్రం మిగులుతుంది.

పాత నాణేనికి లక్షలు వస్తాయని చెప్పి ముందుగా రుసుము అడిగేవారిని నమ్మవద్దు. తన పేరిట జరిగే ఇట్టి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించింది.

పొలంలో భూమి తవ్వినప్పుడు దొరికిన నాణేల సంగతి వేరు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయవలసి ఉంటుంది.