మట్టికోట చెప్పే చరిత్ర

కోట అంటే మనకు రాయికోటే గుర్తుకొస్తుంది. మా బేరిగై పిల్లలకైతే కృష్ణగిరి కొండమీది కోట కండ్లముందు నిలుస్తుంది. కానీ రెండు వేల ఏండ్ల కిందట మన తెలుగువాళ్లు మట్టితోనే కోట కట్టుకున్నారు. దానిపేరు ధూళికట్ట. అది తెలంగాణలో, పెద్దపల్లి జిల్లాలో ఉంది.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత ఆంధ్రుల గురించి రాశాడు. వాళ్లకు గోడలు, బురుజులు ఉన్న 30 పట్టణాలు, 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్నాడు. అటువంటి పట్టణాలలో ధూళికట్ట ఒకటని చరిత్రకారులు చెప్తారు.

ఇక్కడ ఊరిచుట్టూ మట్టిపోసి ఎత్తుగా కట్ట కట్టారు. మన చెరువుకట్ట నీళ్లను లోపల ఆపుతుంది. ఆ కట్ట శత్రువులను బయట ఆపింది. అంతే తేడా!

1970ల్లో పురావస్తు శాఖవాళ్లు అక్కడ తవ్వారు. ఇటుక కట్టడాలు, బావులు, ధాన్యం గాదెలు, శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. రోమన్ నాణేలు కూడా దొరికాయి. రోమ్ ఎక్కడ, ధూళికట్ట ఎక్కడ! అంతదూరం వ్యాపారం జరిగిందన్నమాట. దగ్గరలోనే బౌద్ధస్తూపం ఉంది. వానలో బుద్ధునికి పడగపట్టిన ముచిలింద నాగుని శిల్పం అక్కడిదే.

ఇప్పుడది రక్షిత స్థలం. ఒట్టి మట్టిదిబ్బకు రక్షణ ఎందుకు అని అడగొచ్చు. పాతకాలపు దిబ్బలో మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. అడుగుపొర పాతది, పైపొర కొత్తది. ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో చూసి దాని కాలం చెప్తారు. పాటిమన్ను పొలానికి మంచి ఎరువని ఎవరైనా బండ్లతో తోలుకుపోతే పొరలన్నీ కలిసిపోతాయి. చినిగిన పుస్తకాన్ని అతికించొచ్చు గానీ, కలిసిన పొరలను మళ్లీ విడదీయలేము.

మనకూ అట్లాంటి ఆస్తి ఉంది. శూలగిరి పక్కన మల్లచంద్రం కొండమీద వేల ఏండ్లనాటి రాతిసమాధులు ఉన్నాయి. నిలువుబండలపైన కప్పుబండ పెట్టి చిన్న ఇల్లులాగా కట్టారు. ఒక బండ లాగేస్తే సమాధి కూలిపోతుంది. కాపలాదారు ఒక్కడే అన్నీ కాయలేడు. మనం చూడడానికి పోయినప్పుడు బండలమీద పేర్లు చెక్కకూడదు, ఎవరైనా తవ్వుతుంటే పెద్దవాళ్లకు చెప్పాలి.

రాజులు పోయారు, ఏనుగులు పోయాయి. మట్టి మాత్రం మిగిలింది. దాన్ని కాపాడితేనే మన తర్వాతి పిల్లలు కూడా ఈ చరిత్ర చదువుకుంటారు.