రంగు గోడ, పుట్టుక గోడ

సాయంకాలమున ఎల్‌బీ నగరునుండి సరూర్‌నగరు వైపు పోవునపుడు ఏ ఖాళీ స్థలము చూచినను పిల్లలు గుంపులుగూడి క్రికెట్టు ఆడుచుందురు. బంతి నెవడు విసరెను, వాని కులమేది యని అక్కడ ఎవరైన నడుగుట నేను వినలేదు. ఆ బంతి ఈ వీధులకు దొర్లివచ్చుటకు ముందు రెండు గోడలను దాటవలసివచ్చినది. ఒకటి రంగు గోడ, రెండవది పుట్టుక గోడ. మొదటిదానిని గూర్చి మనము ఉత్సాహముతో చెప్పుకొందుము. రెండవది మనము కట్టినది గనుక దాని ప్రస్తావన తేము.

అమెరికాలో జాకీ రాబిన్‌సను అను నల్లజాతి క్రీడాకారుడు 1947 ఏప్రిలు 15న బ్రూక్లిను జట్టున దిగి, పెద్ద బేస్‌బాలు పోటీలలో నల్లవారికి గల నిషేధమును భగ్నము చేసెను. అంతటివాడు 1972లో వెలువడిన ఆత్మకథలో, ఇంత జరిగినను తెల్లవారి లోకమున తాను నల్లవాడుగనే మిగిలితినని వ్రాసికొనెను. ఆ మాట చదివినపుడు నాకు మన కొట్టారి కనకయ్య నాయుడుగారు జ్ఞప్తికి వచ్చిరి.

నాయుడుగారు 1895లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించిరి. 1926 డిసెంబరున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో ఆడినది. ఆ జింఖానా తెల్లవారిది. భారతీయునకు అందు సభ్యత్వము లేదు. ఆ చోటనే నాయుడుగారు రమారమి రెండు గంటలలో 153 పరుగులు తీసిరి. అందు సిక్సర్లే 11. వచ్చిన యతిథులు ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. రెండేండ్లకు భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను. 1932 జూను 25న లార్డ్స్ మైదానమున మన దేశము తొలి టెస్టు ఆడెను.

నాయకుడెవ్వరు? ఇంగ్లండునకు నాయకుడుగా పోయినవాడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. వీరు తప్పుకొనిన పిమ్మటగాని ఆ టెస్టున నాయుడుగారికి నాయకత్వము దక్కలేదు. తన యాట తానెరిగి తప్పుకొనుట పోరుబందరు ప్రభువునకు గౌరవమే. 1936లో ఆ యౌదార్యమును మన తెలుగు రాజవంశీయుడు చూపలేకపోయెను. విజయనగర వంశమునకు చెందిన విజయానంద గజపతిరాజు నాయకుడై, మూడు టెస్టులలో కలిపి 33 పరుగులు చేసెను. లాలా అమరనాథు వంటి యాటగానిని నడుమనే యింటికి పంపించిరి. అదే యాత్రలో రాజుగారికి సర్ బిరుదము లభించెను! నాయుడుగారు ఆయన క్రిందనే ఆడిరి. ఓవల్ మైదానమున బంతి దేహమునకు బలముగా తగిలినను వెనుదీయక 81 పరుగులు తీసిరి. గోడకు ఈవల నావల నిలిచిన యిద్దరును తెలుగువారే యనుట మనము మరువరాదు.

అయినను నాయుడుగారి ముందున్న గోడకు తలుపు కలదు. ఆయన విద్యావంతుల యింట పుట్టినవారు. పల్వంకర్ బాలూగారికి ఆ తలుపును లేదు. ఆయన చర్మకార కులమువారు. పూనాలో తెల్లవారి క్లబ్బున నేల చదునుచేయుచు, వల కట్టుచు, గ్రెయిగు దొరకు గంటలకొలది బంతులు వేసి ఎడమచేతి బౌలింగును తీర్చుకొనిరి. హిందువులు ఆయన బంతిని జట్టున చేర్చుకొనిరి. ఆయనను మాత్రము విరామవేళ వెలుపల నిలిపి మట్టిపాత్రలో తేనీరు పోసిరి. 1906లో బొంబాయిలో యూరోపియనులను హిందువులు ఓడించుటకు ఆ బంతియే తోడ్పడెను. 1911లో ఇంగ్లండు యాత్రలో ఆయన నూటికి పైగా వికెట్లు తీసిరి. నాయకత్వము మాత్రము ఏనాడును ఈయలేదు. 1920లో ఈ యన్యాయమునకు సహింపక ఆయన తమ్ములు విఠల్, శివరామ్ జట్టును విడిచిరి. మూడేండ్లకు, 1923లో, విఠలుగారు హిందువుల జట్టుకు నాయకులైరి. తెల్లవారి జింఖానాలో సిక్సర్లు కొట్టుటకన్న ఇది కష్టమని నా యభిప్రాయము. అక్కడ ఎదుట నిలిచినవారు పరాయివారు.

బాలూగారు 1955లో గతించిరి. నాయుడుగారి పేర నేడు బోర్డువారు జీవితసాఫల్య పురస్కార మిచ్చుచున్నారు. మొన్న మా వీధి పిల్లల నడిగితిని. నాయుడు పేరు ఒకరిద్దరు విన్నారు. బాలూ యెవరో తెలియునా యంటిని.

“ఏ టీమ్ అంకుల్?” అనెను ఒక బాలుడు.

హిందువుల టీమని చెప్పితిని.

“అట్లాంటి టీమ్ గూడ ఉండెనా?” అని నవ్వి, బంతి తీసికొని పోయెను.