గారేజి తలుపు - తుపాను గాలి

1992 ఆగస్టు 24వ తేదీ తెల్లవారుజామున 'ఆండ్రూ' అను తుపాను అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాను తాకి, వేలకొలది ఇండ్లను ధ్వంసము చేసెను. గోడలు నిలిచి, పైకప్పులు మాత్రమే ఎగిరిపోయిన ఇండ్లను ఇంజనీర్లు పరిశీలించిరి. వాటిలో అనేకము లందు కప్పుకన్న ముందుగా గారేజి తలుపు విరిగినదని తేలెను.

రెండు కార్లు పట్టు గారేజికి సాధారణముగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల తలుపుండును. పలుచని పలకలను అడ్డముగా కీళ్లతో కూర్చగా, అది చిన్న చక్రములపై పైకి జరుగును. ఇంటికంతటికి పెద్ద ద్వారమదే, బలహీనమైనదియు అదే. గాలి ఒత్తిడి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును గదా! గంటకు 180 కిలోమీటర్ల గాలి ఈ తలుపుపై సుమారు ఒకటిన్నర టన్నుల బరువుకు సమానమైన బలమును మోపును. తలుపు వంగి, చక్రములు పట్టాలనుండి ఊడిపోవును. లోన చొరబడిన గాలి కప్పును క్రిందినుండి నెట్టును; పైన వీచు గాలి దానినే పైకి లాగును. ఇక మేకులు ఎంతసేపు ఆపగలవు?

1994లో అక్కడి గృహనిర్మాణ నిబంధనలు కఠినమైనవి. 9 పౌన్ల కొయ్యను సెకనుకు 50 అడుగుల వేగముతో విసరి తలుపులను పరీక్షింపసాగిరి. పాత తలుపులకు లోపలివైపు అడ్డముగా ఉక్కుపట్టీలు బిగించుట ఒక పద్ధతి. తుపాను హెచ్చరిక రాగానే నేలకును పై దూలమునకును నిలువు కంబములు తగిలించుట మరియొకటి. అవి ఉన్నంతసేపు కారు బయటకు రాదు.