చిన్న గదిలో వెడల్పు తెర: టీవీ ఆకారం మారిన తీరు

తెలుగు నాట టెలివిజన్ చరిత్ర అనగానే ప్రసార కేంద్రాలు, వార్తలు, ధారావాహికలు చర్చకు వస్తాయి గాని, ఇంట్లో కొంత చోటు ఆక్రమించే వస్తువుగా టీవీకి ఉన్న చరిత్రను పట్టించుకున్నవారు తక్కువ. ఇరుకు గదికి ఎంత టీవీ సరిపోతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ చరిత్రలోనే ఉంది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే ‘సైట్’, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీని పరిచయం చేసింది. అప్పుడు టీవీ ఊరందరిదీ కనుక గది కొలతల ప్రసక్తే లేదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలై, 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చాక టీవీ క్రమంగా నట్టింట్లోకి చేరింది; చేరిన నాటి నుంచే అది చోటు సమస్య కూడా అయింది.

ఆ సమస్యకు మూలం పిక్చర్ ట్యూబ్. గాలి తీసేసిన ఆ గాజు బుడ్డి వెనుక కొసన ఉండే ఎలక్ట్రాన్ గన్ నుంచి వెలువడే కిరణం తెర నాలుగు మూలలకూ వంగి చేరాలంటే మధ్యలో తగినంత దూరం ఉండాలి. బయటి గాలి ఒత్తిడిని తట్టుకోవాలంటే గాజు మందంగా ఉండాలి. అందువల్ల 21 అంగుళాల రంగుల టీవీ సుమారు ఒకటిన్నర అడుగుల లోతుతో, ఒక్కరే ఎత్తడానికి ఇబ్బందిపడేంత బరువుతో ఉండేది. చిన్న ఇళ్లలో దాన్ని గది మూలకు జరిపి ఐమూలగా నిలిపేవారు. వెనక్కి సన్నబడే దాని వీపు మూలలో ఇమిడిపోయేది.

తెర వెడల్పుకూ ఎత్తుకూ గల నిష్పత్తిని ఆస్పెక్ట్ రేషియో అంటారు. తొలినాటి సినిమా ఫిల్మ్ నుంచి టీవీ ఇంజనీర్లు తీసుకున్న నిష్పత్తి 4:3. అయితే టీవీ పోటీని ఎదుర్కోవడానికి 1950లలో హాలీవుడ్ సినిమాస్కోప్‌ను ఆశ్రయించి తెరను రెండు పక్కలకూ సాగదీసింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో విడుదలైంది. అలాంటి చిత్రాన్ని 4:3 టీవీలో పూర్తిగా చూపాలంటే తెర ఎత్తులో ఐదింట రెండు వంతులకు పైగా నల్లపట్టీలకు వదిలెయ్యాలి. తెర నిండుగా చూపాలంటే బొమ్మ పక్కలు కోసెయ్యాలి.

ఈ చిక్కుకు పరిష్కారం 1980లలో అమెరికాలో దొరికింది. అక్కడి చలనచిత్ర, టెలివిజన్ ఇంజనీర్ల సంఘంలో పనిచేసిన కెర్న్స్ పవర్స్, వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటినీ సమాన వైశాల్యం గల దీర్ఘచతురస్రాలుగా గీసి ఒకదానిపై ఒకటి పేర్చి చూడగా, వాటన్నిటినీ చుట్టుకునే చట్రం, అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న భాగం రెండూ దాదాపు 16:9 నిష్పత్తికే వచ్చాయి. హైడెఫినిషన్ టీవీకి ఆ నిష్పత్తే ప్రమాణమైంది. పిక్చర్ ట్యూబ్ స్థానంలో ఎల్‌సీడీ పలక రావడంతో తెర వెడల్పయింది, లోతు మాయమైంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలతో దూరదర్శన్ కూడా హెచ్‌డీ ప్రసారం మొదలుపెట్టింది.

టీవీ సైజుగా చెప్పే అంకె తెర కర్ణం, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరం. ఆకారం మారినా ఈ కొలత మారకపోవడమే కొనేవారిని తికమక పెడుతోంది. లెక్క ప్రకారం 21 అంగుళాల 4:3 తెర ఎత్తు 12.6 అంగుళాలు కాగా, 24 అంగుళాల 16:9 తెర ఎత్తు 11.8 అంగుళాలే, పాత టీవీ ఎత్తు దక్కాలంటే 26 అంగుళాల వెడల్పు తెర కావాలి.

చూసే దూరం మాత్రం చిన్న గదికి అనుకూలంగా మారింది. బొమ్మలోని గీతలు విడివిడిగా కనిపించకుండా ఉండాలంటే పాత టీవీకి తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరంలో కూర్చోవాలని ఇంజనీర్లు లెక్కగట్టారు. 1080 వరుసల ఫుల్ హెచ్‌డీ తెరకు సుమారు మూడు రెట్లు చాలు, 768 వరుసల హెచ్‌డీ రెడీ తెరకు నాలుగున్నర రెట్లు చాలు. ఆ లెక్కన 21 అంగుళాల పాత టీవీ కోరిన ఆరడుగుల పైచిలుకు దూరంలోనే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ హాయిగా కనిపిస్తుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు మూడడుగులు సరిపోతాయి.

కాబట్టి ఇరుకు గదికి టీవీ ఎంచుకునేవారు అంగుళాల అంకె చూసి జంకనక్కర లేదు. గోడ మీద దొరికే వెడల్పును, కూర్చునే చోటి నుంచి గోడకు ఉన్న దూరాన్ని టేపుతో కొలుచుకుని దుకాణానికి వెళితే చాలు. పది అడుగుల గదికి 32 అంగుళాల తెర ఎక్కువేమీ కాదు.