బరాక్ నుంచి బరాత్ దాకా

సంగీత చరిత్ర అంటే సభల చరిత్రే అనుకోవడం మన పండితులకు పరిపాటి. వీధిలో మోగేది వారికి రణగొణధ్వని. 1960 దశకంలో అమెరికాలో కార్ల షెడ్లలో చవక గిటార్లతో సాధన చేసిన కుర్రకారు బృందాలను కూడా అక్కడి పెద్దలు యిలాగే యీసడించారు. తర్వాత ఆ మోతకే ‘గారేజ్ రాక్’ అని పేరుపెట్టి గ్రంథాలు రాశారు. హైదరాబాదు పాతనగరంలో, జల్‌పల్లికి పొరుగునే వున్న బార్కస్‌లో పెరిగిన మర్ఫా బ్యాండుకు అంత గౌరవం యింకా దక్కలేదు.

మర్ఫా యెక్కడిది? యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులూ, తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ నిజాం కొలువులో సిపాయిలయ్యారు. బార్కస్ అన్న పేరు ‘బరాక్స్’ నుంచి వచ్చింది. మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. యిటువంటి సిపాయి పేటల్లో మర్ఫా అనే నగారా, డఫ్, డోలు, కర్రలు, లోహపు బిందె ఒక మేళంగా కలిశాయి. యిందులో రాగం తక్కువ, లయ యెక్కువ.

దీన్ని తొందరపడి ప్రజాకళ అనడానికి నేను ఒప్పుకోను. 19వ శతాబ్దంలో అరబ్బు జమాదార్లు జాగీర్దార్లకు వడ్డీకి అప్పులిచ్చి, భూముల రాబడిని చేజిక్కించుకున్నారు. 1946లో తెలంగాణా రైతాంగం తిరగబడిన వ్యవస్థకు కాపలా కాసిన కొలువులోదే యీ డోలు. అయితే వడ్డీ లెక్కించిన చేయీ, డోలు వాయించిన చేయీ ఒకటి కావు.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. సైన్యం రద్దయింది. సిపాయికి జీతం పోయింది, డోలు మిగిలింది. అంతకుముందు ప్రభువు కొలువులో మోగినది, యిప్పుడు పెళ్ళికొడుకు బరాత్ ముందు కూలికి మోగింది. పెళ్ళి ముస్లిములదా, హిందువులదా అని కూలివాడు అడగడు. నా దృష్టిలో మర్ఫా ప్రజల సొత్తయింది అప్పుడే. కళ స్వభావాన్ని నిర్ణయించేది దాని పుట్టుక ఒక్కటే కాదు. దాన్ని వాయించేవాడు యెవరి మీద ఆధారపడి బతుకుతున్నాడన్నది కూడా.

యీ వీధుల్లోనే దానికి మరో తోడు దొరికింది: మాదిగల డప్పు. బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో కాళ్ళను కదిలించే తీన్‌మార్ దెబ్బలో డప్పు వాటా యెంత, మర్ఫా వాటా యెంత అని కొలిచేకంటే, రెంటినీ మోసినవారు సమాజం అంచుకు నెట్టబడినవారేనని గుర్తించడం ముఖ్యం. ఆ మాట 2011లో ఒక సినిమాకు పేరైంది. దెబ్బ వేసిన చేతులకు మాత్రం పేరు రాలేదు.

యీనాడు డీజే పెట్టెలు ఆ కూలిని కూడా లాక్కుంటున్నాయి. చరిత్ర విద్యార్థులు బార్కస్‌కు వెళ్ళి, యీ వాద్యకారుల మాటల్ని, లయల్ని నమోదు చేయాలి. అయితే అది వారి కళను మ్యూజియంలో పెట్టడానికి కాకూడదు. వారి కూలిని కళగా, ఆ కళను శ్రమగా లెక్కలోకి తీసుకురావడానికి కావాలి.