‘రువొత్సి’ వ్యుత్పత్తి: ఆధారాలు, అభ్యంతరాలు

ఫిన్లాండ్‌లో స్వీడన్ దేశాన్ని ‘రువొత్సి’ అంటారు. స్వీడన్ వాసులు మాత్రం తమ దేశాన్ని ‘స్వెరియె’ అంటారు. రెండు పేర్లకూ పోలిక లేదు. అయినా ఫిన్నిష్ పేరుకు మూలం స్కాండినేవియాలోనే ఉందని అధిక సంఖ్యాకులైన భాషావేత్తలు భావిస్తున్నారు. ఆ భావనకు ఉన్న ఆధారాలను వరుసగా పరిశీలించవలసి ఉంది.

1. ధ్వని సాక్ష్యం: ఎస్టోనియన్‌లో ఇదే పేరు ‘రోత్సి’. ఫిన్నిష్ ‘ఉఒ’ పూర్వపు దీర్ఘ ‘ఓ’ నుంచి ఏర్పడింది కనుక, ఈ విషయంలో ఎస్టోనియన్ రూపమే పాతదానికి దగ్గరనుకోవచ్చు. ప్రాచీన నార్స్‌లో ‘రోద్ర్’ అంటే తెడ్లు వేసి పడవ నడపడం. తెడ్లు వేసేవారిని సూచించే సమాసాల్లో ‘రోద్స్‌–’ పూర్వపదంగా ఉండేదని, ఫిన్నులు దానినే గ్రహించారని ఒక ప్రతిపాదన. భాషావేత్త విల్హెల్మ్ థామ్సెన్ 1876లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో దీన్ని సమర్థించాడు. అయితే ఒక జాతి తనను తాను ఇలా పిలుచుకున్నట్లు చెప్పడం ఊహాత్మక పునర్నిర్మాణమే.

2. స్థలనామ సాక్ష్యం: స్వీడన్‌లోని ఉప్లాండ్ తీరానికి ‘రోస్లాగెన్’ అని పేరు. 1296 నాటి ఉప్లాండ్ శాసన సంహితలో ఆ తీరం పేరు ‘రోదెన్’గా కనిపిస్తుంది. కానీ ‘రువొత్సి’ ఫిన్నిక్ భాషల్లో విస్తృతంగా ఉండడాన్ని బట్టి, అది ఈ లిఖిత రూపాలకన్నా చాలా పాతది కావచ్చు. కనుక రోస్లాగెన్‌ను మూలమనడం కన్నా సోదర పదమనడమే క్షేమం.

3. లిఖిత సాక్ష్యం: 839లో బైజాంటియం చక్రవర్తి థియొఫిలోస్ పంపిన రాయబారుల వెంట కొందరు ఇంగెల్‌హైమ్‌లోని ఫ్రాంకుల చక్రవర్తి లూయీ ఆస్థానానికి వచ్చారు. తమ జాతి ‘రోస్’ అన్నారు. విచారిస్తే వారు స్వీడులని తేలింది. గూఢచారులన్న అనుమానంతో వారిని నిలిపివేశారని సెయింట్ బెర్టిన్ వార్షిక వృత్తాంతం చెబుతోంది.

4. స్లావిక్ సాక్ష్యం: ఫిన్లాండ్‌కు ఫిన్నిష్ పేరైన ‘సువొమి’ ప్రాచీన రష్యన్‌లో ‘సుమ్’ అయింది. అదే తీరులో ‘రువొత్సి’ పూర్వరూపం ‘రుస్’ (రష్యా పేరుకు మూలమైన జాతినామం) అయి ఉండవచ్చు. దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. పన్నెండో శతాబ్దపు రష్యన్ ఆదిమ వృత్తాంతం రుస్‌లను స్వీడుల నుంచి వేరుచేసి లెక్కిస్తుంది. కొందరు ద్నీపర్ ఉపనది ‘రోస్’ను ‘రుస్’కు మూలంగా చూపుతారు. అయితే ఆ నది పేరులోని పూర్వపు అచ్చు హ్రస్వం. ‘రుస్’లోని అచ్చుతో అది సరిపడదు.

కాబట్టి ‘రువొత్సి’కి స్కాండినేవియా మూలం బలంగా సంభావ్యం, తెడ్ల అర్థం సంభావ్యం, రోస్లాగెన్ నుంచే నేరుగా వచ్చిందన్నది నిరూపితం కాలేదు. ఈ మూడింటినీ ఒకే నిశ్చయంతో చెప్పడం ఆధారాలకు న్యాయం చేయదు.