ఓడిపోయిన కాలువ గట్టు

1828 జూలై 4న, ఇంచుమించు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్ల రెండు ప్రారంభోత్సవాలు జరిగాయి. వాషింగ్టన్ దగ్గర పొటోమాక్ నది పక్కన అమెరికా అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఒక కాలువకి మొదటి పార వేశాడు. పార కాస్తా చెట్టు వేరుకి తగిలి దిగలేదు. ఆయన కోటు విప్పి పక్కన పడేసి మళ్ళీ గట్టిగా వేసేసరికి జనం కేరింతలు కొట్టారు. అదే రోజు బాల్టిమోర్‌లో తొంభై ఏళ్ళ చార్ల్స్ కారల్ ఒక రైల్వేకి మొదటి రాయి వేశాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో అప్పటికి బతికున్నది ఆయనొక్కడే. కాలువ పేరు చెసపీక్ అండ్ ఒహాయో. రైల్వే పేరు బాల్టిమోర్ అండ్ ఒహాయో. కొండలు దాటి ఒహాయో నదిని చేరడమే ఇద్దరి లక్ష్యం. ఇద్దరికీ కావలసిన దారి కూడా ఒకటే.

ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు. కానీ ఇవాళ పిట్స్‌బర్గ్‌లో సైకిలెక్కి, పొలాల మధ్య, అడవుల్లోంచి, నదుల వెంబడి దాదాపు 540 కిలోమీటర్లు తొక్కి వాషింగ్టన్ చేరవచ్చు. వెనక నుంచి కారో లారీయో వస్తుందన్న భయం దాదాపు ఉండదు. ఈ దారిలో రెండో భాగం, కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా 184.5 మైళ్ళు, ఓడిపోయిన ఆ కాలువ గట్టే. మొదటి భాగం, పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ళలో ఎక్కువ భాగం, ఓడిపోయిన ఇంకో రైల్వేది. దాని కథ తర్వాత.

వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఉండే తెలుగువాళ్ళలో జార్జ్‌టౌన్ దగ్గరో గ్రేట్ ఫాల్స్ దగ్గరో ఈ గట్టు మీద నడిచినవాళ్ళు చాలామందే ఉంటారు. నేనూ మొదట అలాగే వెళ్ళాను. అందరిలాగే "ఎంత ప్రకృతి!" అనుకుని ఫోటోలు తీసుకున్నాను. ఆ దారి అంత చదునుగా ఎందుకుందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. కొండల్లోకి పోయే దారి అలా ఉండకూడదు కదా.

జవాబు కంచరగాడిదలు. పడవకి పొడుగాటి తాడు కట్టి, గట్టు మీద కంచరగాడిదల చేత లాగించేవారు. పక్కన నడిచేది చాలాసార్లు పడవవాడి పిల్లలే. వంద టన్నులకు పైగా బొగ్గుతో కంబర్లాండ్‌లో బయల్దేరిన పడవ జార్జ్‌టౌన్ చేరడానికి సుమారు వారం పట్టేది. కుటుంబం మొత్తం కాపురం అందులోనే. పడవ ముందు భాగంలో పశువులకి కొట్టం. నీళ్ళు వాలు ఎక్కవు కాబట్టి ఎత్తు మారాల్సిన చోటల్లా ఒక లాకు కట్టారు. 605 అడుగుల ఎత్తుకి 74 లాకులు. ఒక లాకు నుంచి ఇంకో లాకు దాకా గట్టు దాదాపు సమతలం. మనం ఆయాసం లేకుండా తొక్కుతున్నామంటే, ఒక పిల్లవాడూ ఒక జంతువూ రోజంతా నడవగలిగేలా ఎవరో నేలని సరిచేసి పెట్టబట్టే.

ఆ "ఎవరో" ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. 1832లో కలరా వాళ్ళ గుడిసెల్లోకి వచ్చింది. 1834 జనవరిలో రెండు ఐరిష్ వర్గాలు కొట్టుకుంటే అధ్యక్షుడు జాక్సన్ సైన్యాన్ని పంపాడు. కూలీల గొడవ మీదికి కేంద్ర సైన్యం వెళ్ళడం అమెరికాలో అదే మొదలు. పాపా అనే చోట నది వంకర్లు తప్పించుకోడానికి కొండలోంచి 3,118 అడుగుల సొరంగం తవ్వారు. రెండేళ్ళలో అయిపోతుందనుకున్న పని 1836లో మొదలై 1850లో గానీ తేలలేదు. లోపల అరవై లక్షల ఇటుకలు. సొరంగంలో సైకిల్ దిగి, లైటు వేసుకుని నడుస్తుంటే పక్కనున్న చెక్క కమ్మీ చేతికి తగులుతుంది. దాని మీద తాళ్ళు ఒరుసుకుని పడిన గాడులు ఇంకా ఉన్నాయి. ఈ దారి మొత్తంలో నాకు ప్రకృతి కంటే ఎక్కువ గుర్తున్నవి ఆ గాడులే.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఇదేమీ వింత కాదు. లాకులు, గట్టు, తాడుతో పడవ లాగే మనుషులు, గన్నవరం అక్విడెక్టు మీద నది మీంచి దాటిపోయే కాలువ, అన్నీ తెలిసినవే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అది కట్టిన ఆర్థర్ కాటన్, ఇండియాకి రైళ్ళ కంటే పడవ కాలువలే చవక, మేలు అని జీవితాంతం వాదించాడు. అంటే పొటోమాక్ ఒడ్డున జరిగిన తగువే ఇక్కడా జరిగింది. కాటన్ కూడా ఓడిపోయాడు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం 1876-78 ధాత కరువులో ఆకలితో వచ్చిన జనం చేత తవ్వించారు. అక్కడ ఐరిష్ కూలీలు, ఇక్కడ కరువు కూలీలు. తేడా ఆ తర్వాత గట్టుకి ఏమైందన్న దగ్గర వస్తుంది.

పాయింట్ ఆఫ్ రాక్స్ అనే చోట కొండ నది మీదికి ఒరిగి ఉంటుంది. మధ్యలో మిగిలే నేల సన్నటి పేలిక. అది కాలువదా, రైలుదా? నాలుగేళ్ళు కోర్టులో నలిగి 1832లో కాలువ గెలిచింది. ఆ తర్వాత రాజీపడి పక్కపక్కనే పోయారు. గెలిచి ఏం లాభం? రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ 1850లో చేరి అక్కడే ఆగిపోయింది. ఒహాయోని ఎప్పుడూ చూడలేదు.

1889లో భారీ వరద వచ్చి గట్లని కొట్టుకుపోయింది. కాలువ కంపెనీ దివాలా. అప్పుడు జరిగింది మాత్రం ఏ నవలాకారుడూ ఊహించలేనిది. కాలువ బాండ్లు ఎక్కువగా ఉన్నది పాత శత్రువు బాల్టిమోర్ అండ్ ఒహాయో చేతిలో. ఆ రైల్వే కాలువని అమ్మనివ్వలేదు. బాగు చేయించి, కోర్టు పర్యవేక్షణలో నడిపించింది. ప్రేమతో కాదు. అమ్మితే ఆ చదునైన నేల వెస్టర్న్ మేరీల్యాండ్ అనే పోటీ రైల్వే చేతిలో పడుతుందని భయం. ఆ అసూయ పుణ్యమా అని కాలువ 1924 వరద దాకా బతికింది. నేల ముక్కలు కాలేదు. 1938లో అప్పుల్లో మునిగిన రైల్వే దాన్ని మొత్తంగా ఇరవై లక్షల డాలర్లకి ప్రభుత్వానికి అప్పగించింది. వాషింగ్టన్ వైపు 22 మైళ్ళని బాగుచేసింది ఉపాధి పథకం కింద వచ్చిన నల్లజాతి యువకులు.

ఇక్కడ నుంచి కథని అందరూ ఒక మనిషి చుట్టూ చెబుతారు. కాలువ వెంబడి కార్ల కోసం రోడ్డు వేయాలన్న ప్రతిపాదనని వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం 1954 జనవరిలో సమర్థించింది. సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రికకే ఉత్తరం రాశాడు, నాతో గట్టంతా నడిచి చూసి అప్పుడు చెప్పండి అని. సంపాదకులు సరేనన్నారు. మార్చి 20న కంబర్లాండ్ వైపు నుంచి యాభై మందికి పైగా బయల్దేరితే, ఎనిమిది రోజుల తర్వాత మొత్తం దూరం నడిచినవాళ్ళు తొమ్మిదిమందే తేలారు. డగ్లస్ వాళ్ళలో ఒకడు. పత్రిక తన వైఖరి సడలించింది.

మంచి కథే. కానీ ఆ నడకని నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. జాతీయ చారిత్రక ఉద్యానంగా చట్టం వచ్చింది 1971లో, అంటే ఆ నడకకి పదిహేడేళ్ళ తర్వాత. మధ్యలో ఎంతమంది ఎన్ని కమిటీల్లో కూర్చున్నారో వాళ్ళకి విగ్రహాల్లేవు. పైగా డగ్లస్ కాపాడాలనుకున్న నేల అప్పటికే ఒక్కరి చేతిలో, తెగకుండా, ప్రభుత్వపరంగా ఉంది. వందమంది రైతుల మధ్య ముక్కలై ఉంటే న్యాయమూర్తి నడిచినా, దేవుడు నడిచినా లాభం లేకపోయేది. మన దగ్గర కాకినాడ కెనాల్ రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, గట్టు రోడ్డయితే ఎలా ఉంటుందో. 1954లో వాళ్ళు చేయబోయిందీ అదే. మనకి రోడ్డు అవసరం లేదని నేను అనను. ఊళ్ళకి బస్సు రావాలి. గట్టు మీద ఇంకో హక్కు కూడా ఉండవచ్చన్న ప్రశ్నే మన దగ్గర రాలేదు, అంతే.

ఇక ఆ పోటీ రైల్వే. వెస్టర్న్ మేరీల్యాండ్ వాళ్ళు కాలువ దొరక్కపోయినా 1912లో కొండల మీంచి కనెల్స్‌విల్ దాకా తమ లైను వేసుకున్నారు. సావేజ్ కొండలో 3,294 అడుగుల సొరంగం, సాల్స్‌బరీ దగ్గర 1,908 అడుగుల వంతెన. చివరికి వాళ్ళూ బాల్టిమోర్ అండ్ ఒహాయో ఉన్న గొడుగు కిందికే చేరారు. ఒకే కంపెనీకి పక్కపక్కన రెండు లైన్లెందుకు? 1975లో ఈ లైను మూతపడింది. 1986లో ఒహాయోపైల్ దగ్గర తొమ్మిదిన్నర మైళ్ళు సైకిళ్ళకి తెరిచారు. మొత్తం 150 మైళ్ళు కలిసేసరికి 2013 అయింది. ముక్కా ముక్కా కొనుక్కుంటూ, అడుక్కుంటూ పోతే అన్నేళ్ళు పట్టింది. కాలువకి ఆ బాధ తప్పింది.

ఇంకో చిక్కుంది. రైల్వేలకి చాలాచోట్ల నేల మీద ఉండేది యాజమాన్యం కాదు, దారి హక్కు మాత్రమే. రైలు పోతే హక్కూ పోతుంది, నేల పక్క రైతులో కలిసిపోతుంది. దీనికి 1983లో అమెరికన్ కాంగ్రెస్ ఒక తమాషా మందు కనిపెట్టింది. లైను చనిపోలేదు, నిద్రపోతోంది, ఎప్పటికైనా రైలు రావచ్చు, ఈలోగా సైకిళ్ళు తిరుగుతాయి అన్నారు. నా వృత్తిలో దీన్ని సాఫ్ట్ డిలీట్ అంటాం. తుడిచినట్టు కనిపిస్తుంది, డేటాబేస్‌లో ఉంటుంది. 1990లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఈ చట్టం చెల్లుతుందంది, నేల యజమానికి పరిహారం అడిగే దారి మాత్రం తెరిచి ఉంచింది. 2014లో వయోమింగ్‌లో ఇలా నిద్రపుచ్చకుండా వదిలేసిన ఒక లైను విషయంలో 8-1 తేడాతో నేల యజమానే గెలిచాడు. నాకు ఆ యజమాని మీద కోపం రాదు. మా తాత పొలంలోంచి పోయిన లైను ఆగిపోతే నేనూ అదే అడిగేవాణ్ణి.

కంబర్లాండ్‌లో ఈ రెండు దారులూ కలిసేది పాత వెస్టర్న్ మేరీల్యాండ్ స్టేషన్ ముందు. ఆ రైల్వేకి చిక్కకూడదనే కదా కాలువని అన్నాళ్ళు దాచింది. ఇప్పుడు దాని స్టేషన్ గుమ్మంలోనే గట్టు మొదలవుతుంది. గెలిచిన రైల్వే లైను మాత్రం ఇంకా నడుస్తోంది, పేరు మారి. గట్టు మీద టెంటు వేసుకుని పడుకుంటే అర్ధరాత్రి నది పక్కనుంచి గూడ్సు బండి వెళ్తుంది. అన్నన్ని పెట్టెలు, లెక్కపెడుతుంటే నిద్రొచ్చేస్తుంది.